నలభై రెండో రోజు

(కార్తీకానికి మూడు వారాల ముందు పొన్నూరులో ఒక మానసిక వైద్యురాలు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళు ముందుకి రండి బాబూ, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు కూర్చుంటే ఎవరేమనుకుంటారో అనా? సరే, అక్కడే ఉండండి, వినబడితే చాలు.

ఇందాక గుంటూరులో బస్సెక్కాను. నారాకోడూరు దాటాక పక్క సీటావిడ, "ఏ పనిమీదమ్మా పొన్నూరు?" అనడిగింది. తాగుడు గురించి నాలుగు మాటలు చెప్పడానికి అన్నాను. ఆవిడ గొంతు తగ్గించేసి, "మా ఇంట్లో ఎవరూ తాగరమ్మా" అంది. నేను అడగనే లేదు. చేబ్రోలు వచ్చేసరికి "మా మరిది ఒక్కడే" అంది. దిగే ముందు నా నంబరు తీసుకుని, "పేరు ఏమని రాసుకోను? కళ్ళ డాక్టరని రాసుకుంటా" అంది. (నవ్వులు)

నవ్వుతున్నారు కానీ, ఊరు చిన్నదైతే ఈ జబ్బుకి మొదటి చిక్కు అదే. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. నా దగ్గరికి గుంటూరు వాళ్ళకంటే విజయవాడ వాళ్ళు ఎక్కువ వస్తారు. గుంటూరు వాళ్ళేమో కృష్ణ దాటి విజయవాడ వెళ్తారు. బ్యారేజీ మీద ఎదురుపడి, తలకాయలు పక్కకి తిప్పుకుని పోతుంటారేమోనని నా అనుమానం. ఒకసారి ఒకే ఊరివాళ్ళు ఇద్దరు నా గది బయట బల్లమీద పక్కపక్కన కూర్చోవాల్సి వచ్చింది. అరగంటసేపు ఒకరికొకరు శుక్లాల గురించే చెప్పుకున్నారు. లోపలికి ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఇద్దరూ చేతులు చాపారు. ఇద్దరి చేతులూ వణుకుతున్నాయి.

ఇవాళ నేను లెక్కలు ఎక్కువ చెప్పను. ఒక మనిషి సంగతి చెబుతాను. పేరు చెప్పను, ఊరు చెప్పను, ఇంకా రెండు మూడు వివరాలు మార్చేశాను కాబట్టి ఎవరా అని వెతక్కండి.

తాపీమేస్త్రి. నలభై దాటినవాడు, మంచి పనివాడు. రోజుకి రెండు క్వార్టర్లు. సాయంత్రం పని దిగాక ఒకటిన్నర, మిగిలిన సగం పొద్దున్నే. ఆ పొద్దుటిది ఎందుకంటే, అది పడకపోతే చేతిలో తాపీ నిలబడదు. ఇంట్లో పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. వచ్చినవాళ్ళు వీధి మొగలోనే ఆరా తీసి వెనక్కి పోతున్నారు. భార్య ఏడ్చింది, తల్లి ఒట్టు పెట్టింది. కార్తీకం రాగానే అయ్యప్ప మాల వేసుకున్నాడు. ఇల్లంతా పండగ.

మొదటిరోజు సాయంత్రానికి వణుకు. తెల్లారుజామున చన్నీళ్ళు పోసుకున్నాడు కదా, చలి అనుకున్నారు. రెండోరోజు కంటిమీద కునుకు లేదు, ఒళ్ళంతా చెమటలు, మధ్యాహ్నం ఒక ఫిట్సు. పక్కవీధిలో ఉండే వైద్యుడొకాయన వచ్చి, నీరసం అని ఒక గ్లూకోజు సీసా ఎక్కించి వెళ్ళాడు. మూడోరోజు రాత్రి నా దగ్గరికి తెచ్చారు.

నేను గదిలోకి వెళ్ళేసరికి మనిషి మంచం మీద కూర్చుని గోడ కడుతున్నాడు. ఎడంచేత్తో పక్కనుంచి ఇటుక తీసుకుంటున్నాడు. కుడిచేత్తో సిమెంటు మాలు పరుస్తున్నాడు. ఇటుక పెట్టి, తాపీ పిడితో టకటకా రెండు దెబ్బలు తట్టి, అంచుకి కారిన మాలు గీకి మళ్ళీ బొచ్చెలో వేస్తున్నాడు. ఒక కన్ను మూసి దారం చూసుకున్నాడు. చేతిలో ఇటుకా లేదు, తాపీ లేదు. సెలైన్ సర్దడానికి వచ్చిన నర్సుని, "మాలు పలచనైంది, ఇంకో బొచ్చె సిమెంటు వెయ్" అని కసిరాడు. మధ్యలో పని ఆపి, దుప్పటి మీద చీమలు ఏరి అవతల పారేస్తున్నాడు. చీమలూ లేవు. ఒళ్ళు కాలిపోతోంది, గుండె నూట ముప్పై కొట్టుకుంటోంది. మెళ్ళో మాల అలాగే ఉంది.

బయట వాళ్ళమ్మ నేలమీద కూలబడి, "స్వామికి ఏదో అపచారం జరిగింది డాక్టరమ్మా" అని గుండెలు బాదుకుంటోంది. భార్య మాత్రం ఒక్కమాటే అంది. "నేనే వేయించాను మాల."

అపచారం కాదు, దయ్యం కాదు. స్వామికీ దీనికీ సంబంధం లేదు. అది మందు ఒక్కసారిగా ఆగిపోతే మెదడు చేసే గోల. మీలో ఆటో నడిపేవాళ్ళు ఉన్నారుగా, మీకు తొందరగా అర్థమవుతుంది. మందు మెదడుకి బ్రేకు లాంటిది. అందుకే తాగగానే బెంగ, బెరుకు తగ్గినట్టుంటాయి. రోజూ బ్రేకు పడుతుంటే మెదడేం చేస్తుంది? బండి ఆగిపోకూడదు కదా, ఎక్సలేటర్ ఇంకా ఇంకా తిప్పుతుంది. హ్యాండ్‌బ్రేకు వేసే బండి నడపడం అలవాటు చేసుకుంటుంది, ఏళ్ళ తరబడి. ఒకరోజు మీరు ఉన్నట్టుండి బ్రేకు తీసేశారు. ఎక్సలేటర్ మాత్రం పూర్తిగా తిప్పే ఉంది. వణుకు, చెమట, గుండెదడ, ఫిట్సు అన్నీ అందుకే. చివరి చుక్క పడిన ఆరేడు గంటల నుంచి వణుకు మొదలవుతుంది. ఫిట్సు వస్తే సాధారణంగా రెండురోజుల లోపే. ఈ గోడకట్టడం, చీమలేరడం రెండు, మూడు, నాలుగు రోజుల మధ్య వస్తుంది. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. అందరికీ రాదు. వచ్చినవాళ్ళకి సరైన సమయంలో వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది.

మన ఊళ్ళలో కొందరు మాల వేసిన మూడోరోజునే ఎందుకు పడిపోతారో ఇప్పుడు తెలిసిందా.

ఆ గ్లూకోజు సంగతి కూడా చెప్పాలి. ఏళ్ళ తరబడి తాగేవాడికి ఒంట్లో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా వట్టి గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి, చూపు, నడక, జ్ఞాపకం దెబ్బతినే ప్రమాదం ఉంది. ముందు బి1 సూది, తర్వాతే గ్లూకోజు. మీ ఇంట్లో ఎవరికైనా సెలైన్ పెట్టే పరిస్థితి వస్తే, "రోజూ తాగుతాడండీ" అని నోరు తెరిచి చెప్పండి. ఆ ఒక్కమాట పరువు కోసం దాచుకుంటారు. అక్కడే దెబ్బతింటాం.

ఇంకోటి, క్వార్టరే కదా అంటారు. ఒక క్వార్టరు 180 మిల్లీలీటర్లు. అందులో ఆల్కహాల్ 42.8 శాతం. అంటే అచ్చమైన ఆల్కహాల్ అరవై గ్రాములు. లివరు సాధారణంగా గంటకి ఏడెనిమిది గ్రాములకి మించి కరిగించలేదు. మజ్జిగ తాగినా, నిమ్మకాయ పిండినా, నెత్తిన బిందెడు నీళ్ళు పోసినా దాని వేగం దానిదే. ఒక్క క్వార్టరు దిగడానికి ఏడెనిమిది గంటలు పడుతుంది. రెండు క్వార్టర్లు రాత్రి తొమ్మిదికి ముగించినవాడికి మర్నాడు పదిన్నరకి పరంజా ఎక్కేటప్పుడు కూడా రక్తంలో మందు ఉంటుంది. వాడు "పొద్దున్నే తాగలేదండీ" అంటే అబద్ధం చెప్పినట్టు కాదు.

మేస్త్రి బతికాడు. వారం రోజులు మందులు మెల్లగా తగ్గిస్తూ వచ్చాం. ఆ మందులు నేను పేరు చెప్పను, చెబితే రేపు మీరు షాపులో కొంటారు. వారం తర్వాత, "మాల కొనసాగించొచ్చా?" అనడిగాడు. తినండి, నీళ్ళు బాగా తాగండి, మాత్ర మానకండి, కొనసాగించండి అన్నాను. నలభై ఒక్క రోజులూ చేశాడు. ఇరుముడి కట్టుకుని వెళ్ళొచ్చాడు. ప్రసాదం డబ్బా తెచ్చి నా బల్లమీద పెట్టాడు. ముఖం తేటగా ఉంది, నాలుగు కేజీలు పెరిగాడు.

నలభై రెండో రోజు రాత్రి తాగాడు.

మాల తీసినందుకు స్నేహితులు పార్టీ పెట్టారు. మీకు తెలియని సంగతి కాదు, మన దగ్గర అదో ఆచారమైపోయింది. వాళ్ళ తల్లి ఏమందో తెలుసా? "ఇంతకాలం మానగలిగినవాడు ఇప్పుడెందుకు మానలేడమ్మా? పొగరు." ఊరంతా అదే అంది. నేనిక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఇవాళ నేను వచ్చింది ఈ ఒక్క సంగతి చెప్పడానికే.

మానడం మనవాళ్ళకి వచ్చు. బాగా వచ్చు. అయ్యప్ప మాలలో మానతారు, ఇంద్రకీలాద్రి అమ్మవారి భవానీ దీక్షలో మానతారు. కొందరు శ్రావణంలో, కొందరు శనివారాలు. తాగుబోతుకి మనోబలం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నలభై ఒక్క రోజులు చన్నీళ్ళు పోసుకుని చాపమీద పడుకున్నవాడికి మనోబలం లేదా? లేనిది నలభై రెండో రోజుకి ఏర్పాటు.

మాల ఏం ఇస్తుందో చూడండి. తెల్లారుజామున లేవడానికి ఒక కారణం ఇస్తుంది. సాయంత్రం ఆరింటికి, సరిగ్గా దుకాణం పిలిచే వేళకి, వెళ్ళడానికి భజన ఇస్తుంది. తోడుగా పదిమంది. వాళ్ళలో సగం మంది తనలాంటివాళ్ళే. నల్లబట్టలు చూసి ఎవడూ "రారా, ఒక్క పెగ్గు" అనడు. అన్నిటికంటే పెద్దది పేరు. నిన్నటిదాకా "ఆ తాగుబోతోడా" అన్న ఊరు ఇవాళ "స్వామీ" అంటుంది. భార్య అంటుంది, కిరాణాకొట్టు ఆయన అంటాడు, బస్సు కండక్టరు అంటాడు. మాల తీసిన గంటలో అవన్నీ ఒకేసారి పోతాయి. లేచే కారణం పోతుంది, భజన పోతుంది, పదిమందీ పోతారు, పేరు పోతుంది. మళ్ళీ పాత చొక్కా, పాత సందు, పాత సాయంత్రం. చిన్న ఊళ్ళో ఇంటికి వెళ్ళడానికి ఒకటే దారి ఉంటుంది, ఆ దారిలోనే బెల్టు షాపు ఉంటుంది.

1935లో అమెరికాలో ఏక్రన్ అనే ఊళ్ళో ఇద్దరు తాగుబోతులు, ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జను, కూర్చుని మాట్లాడుకున్నారు. ఒకడికొకడు తోడుంటే ఆ రోజుకి తాగకుండా ఉండగలుగుతున్నామని గమనించారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే, తాగుడు మానాలనుకునేవాళ్ళ సంఘం అలా పుట్టింది. వాళ్ళూ జీవితాంతం మానతానని ఒట్టు పెట్టరు. ఇవాళ్టికి మానతారు, రేపు మళ్ళీ వచ్చి కూర్చుంటారు. మాల ఇచ్చే తోడూ అదే రకం. తేడా ఏంటంటే, వాళ్ళ తోడుకి తీసేసే తేదీ లేదు.

మేస్త్రి నెలన్నర తాగి మళ్ళీ వచ్చాడు. తలెత్తలేదు. ఈసారి ఇద్దరం కూర్చుని, మందుల కంటే ముందుగా, వారంలోని రోజుల గురించి మాట్లాడుకున్నాం. ఏ రోజు కష్టం? శనివారం. ఎందుకు? బట్వాడా. వారం కూలి శనివారం సాయంత్రం చేతికొస్తుంది. పంచేది ఎక్కడ? దుకాణం ఎదురుగా టీబంకు దగ్గర. (నవ్వులు) కాంట్రాక్టరుకి ఫోన్ చేశాను. ఆయన మంచివాడు, పాపం ఈ సంగతి ఎన్నడూ ఆలోచించలేదు. ఆ వారం నుంచి కూలి భార్య ఫోన్‌కి సోమవారం పొద్దున వెయ్యడం మొదలుపెట్టాడు. శనివారం సాయంత్రం ఆరింటికి మేస్త్రి మాలలో తోడున్న గురుస్వామి ఇంటికి వెళ్తాడు. భజన ఉన్నా లేకపోయినా. ఆయనతో కూర్చుని టీ తాగి, ఎనిమిదికి ఇంటికొస్తాడు. తాగాలన్న కోరికని తగ్గించే మాత్రలు కూడా ఇచ్చాను, కాదనను. కానీ నన్నడిగితే సగం పని ఆ సోమవారం చేసింది.

తర్వాత పడలేదా అంటారేమో. పడ్డాడు. ఒకసారి బావమరిది పెళ్ళిలో, ఇంకోసారి ఊరికే, ఏ కారణం లేకుండా. రెండుసార్లూ మూడోరోజే వచ్చేశాడు. షుగరున్నవాడు పెళ్ళిలో రెండు బొబ్బట్లు తింటే మనం "ఛీ, వీడికి షుగరు నయం కాదు" అని మందులు ఆపేస్తామా?

ఇక గుట్టుగా పెట్టే మాత్ర. ఈ హాల్లో కనీసం ఒకరింట్లో ఉంటుంది. డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా మందు పడితే ముఖం ఎర్రబారి, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో వేసుకునేవాడికి మంచి కాపలా అది. కానీ మనవాళ్ళు పొడిచేసి పప్పుచారులో కలుపుతారు. ఒకావిడ అలాగే కలిపింది. ఆయన సాయంత్రం ఎప్పటిలాగే తాగి దుకాణం ముందే పడిపోయాడు. గుండెజబ్బేమో అని అంబులెన్సు తెచ్చారు. అదృష్టం బాగుండి బతికాడు. సంగతి తెలిశాక ఇంట్లో తిండి మానేశాడు. హోటల్లో తిని, హోటలు పక్కనే తాగాడు. ఆవిడ నా ముందు కూర్చుని, "ఇరవై ఏళ్ళు వండిపెట్టానమ్మా, ఇప్పుడు నా చేతి నీళ్ళు కూడా తాగడు" అంది. ఆ మాత్ర ఆపినా దాని పని రెండు వారాల దాకా ఉంటుంది. దయచేసి చారులో కలపకండి. పేపర్లో ప్రకటన చూసి తెప్పించే పొడులు అసలే వద్దు.

నిషేధం పెడితే పోదా అని ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెప్పేస్తాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటంతో 1993 అక్టోబరులో సారా పోయింది. 1995 జనవరిలో మొత్తం మద్యమే పోయింది. 1997లో తిరిగొచ్చింది. 2019లో దుకాణాలు ప్రభుత్వం చేతికి వెళ్ళాయి, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటుకి వచ్చాయి. 99 రూపాయల క్వార్టరు దానితోపాటే వచ్చింది. ఆ ఆడవాళ్ళ ముందు నేను చేతులెత్తి దండం పెడతాను. వాళ్ళు దుకాణం మూయించగలిగారు. వణికే చేతిని ఏం చెయ్యాలన్నది మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఇంటి ఆడదాని నెత్తినే ఉంది. 2019లో వెలువడిన జాతీయ సర్వేలో, ఢిల్లీ ఎయిమ్స్ చేసింది, మద్యానికి బానిసలైనవాళ్ళలో ముప్పై ఎనిమిది మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందినట్టు తేలింది. సర్వే లెక్క ఒక్కటే చెప్పాను, అదీ ఇదే.

గంజాయి గురించి తల్లిదండ్రులు చీటీలు పంపారు. చదివాను. "మొక్కే కదా, మందుకంటే నయం" అని మీ అబ్బాయి అంటాడు. పదిహేనూ పదహారేళ్ళకే మొదలుపెడితే అలవాటు బలంగా పట్టుకుంటుంది. కొందరికి చెవిలో మాటలు వినబడడం, అనుమానాలు మొదలవుతాయి. గంజాయి ఆపినా కొందరిలో అవి తగ్గవు. చదువు మందగించడం, స్నేహితులు మారడం, డబ్బు మాయమవడం చూడండి గానీ, ఎర్రకళ్ళు చూసి కొట్టకండి. కళ్ళకలక కూడా అయ్యుండొచ్చు. పోలీసు కేసు భయంతో దాస్తారు. అది నాకు అర్థమవుతుంది. వైద్యం కోసం వచ్చినవాడి సంగతి డాక్టరు గుట్టుగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది. మత్తుమందుల చట్టంలో కూడా, 1985 నాటిది, తానంతట తాను ప్రభుత్వ గుర్తింపున్న చోట చికిత్సకి వచ్చిన వ్యసనపరుడికి వాడకం, కొద్దిపాటి పరిమాణం కేసుల్లో విచారణ నుంచి మినహాయింపు ఉంది. 64ఏ సెక్షన్. రాసుకోండి.

అదే 2017 చట్టం ప్రకారం మనిషిని గొలుసులతో కట్టకూడదు. మాన్పిస్తామని చెప్పి గదిలో వేసి కొట్టే చోట్లు నేను చూశాను. అక్కడ మూడునెలలు ఉండి వచ్చినవాడు మందు మీద కాదు, ఇంట్లోవాళ్ళ మీద పగతో వస్తాడు. చేర్చే ముందు లోపలికి వెళ్ళి చూడండి. డాక్టరు రోజూ వస్తాడా, మిమ్మల్ని వారం వారం కలవనిస్తారా అని అడగండి. లోపలికి రానివ్వకపోతే వెనక్కి వచ్చెయ్యండి. డబ్బు లేదా, గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యవిభాగం ఉంది. ఫోన్‌లో మాట్లాడాలంటే 14446, లేదా 14416. 14416లో తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్నలు అడగండి. ఆ మూల అమ్మా, చెప్పండి.

(ఒక స్త్రీ: "తాగొచ్చినప్పుడు గొడవ పెట్టుకోవాలా, ఊరుకోవాలా?")

తాగున్నప్పుడు ఏమీ మాట్లాడకండి. అప్పుడు మీరు మాట్లాడేది సీసాతో. పొద్దున్నే లేవగానే కూడా వద్దు, అప్పుడు వణుకుతుంటాడు. ఏ పదింటికో, తిన్నాక, పిల్లలు లేనప్పుడు ఒక్క సంగతే చెప్పండి. "నిన్న బండి మీదనుంచి పడబోయావు, నాకు భయమేసింది." పాత పురాణం తియ్యకండి. ఇంకోటి, పనిలోకి రాలేదని పని ఇచ్చినాయన ఫోన్ చేస్తే "జ్వరమండీ" అని మీరు చెప్పకండి. ఫోన్ ఆయన చేతికే ఇవ్వండి. ఇదంతా చెయ్యెత్తని మగాడి సంగతి. కొడితే మాత్రం నేర్పుగా మాట్లాడే బాధ్యత మీది కాదు. పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చెయ్యండి. 181కి ఫోన్ చెయ్యండి.

(ఒక పెద్దాయన: "నాకు అరవై రెండండీ. ఇప్పుడు మానితే మాత్రం ఏం లాభం?")

రోజూ పొద్దున్నే పడాలా మీకు? ఊఁ. అయితే ఇవాళ ఇంటికి వెళ్ళి ఒక్కసారిగా ఆపకండి బాబాయ్ గారూ. రేపు రండి, లాభం లెక్క రక్తపరీక్ష చూసి చెబుతాను. లివరు మనకంటే ఓర్పు గలది.

చివరి ప్రశ్న అమ్మా, బస్సు టైమవుతోంది.

(మరో స్త్రీ: "మావాడు ఈ కార్తీకంలో మాల వేసుకుంటానంటున్నాడు డాక్టరమ్మా. ఇప్పుడు మీరు చెప్పింది విన్నాక భయమేస్తోంది. వేయించమంటారా, వద్దంటారా?")

వేయించండి. కాకపోతే మాల వేసే పదిరోజుల ముందే నా దగ్గరికి తీసుకురండి. నేను మందు దింపి పంపిస్తాను, తర్వాత స్వామి చూసుకుంటాడు. మాల తీసే తేదీ ఎప్పుడు? అంత దూరం ఆలోచించలేదా? ఇప్పుడే లెక్కపెట్టి, ఆ మర్నాడు సాయంత్రం ఆరింటికి వాడు ఎవరింట్లో ఉంటాడో ఒక చీటీ మీద రాసి తీసుకురండి. వాడితోనే రాయించండి.